కోరంగి రేవు: క్షీణకారణ విచారము

తెలుగుదేశపు తూర్పుతీరమున ఒకప్పుడు ప్రసిద్ధికెక్కి, పిదప మాసిపోయిన రేవులు పెక్కులు కలవు. వానిలో మోటుపల్లికి గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనము రక్షగా నిలిచినది. రేవు ఇసుకపాలైనను శాసనము ఉన్నంతకాలము దాని పేరు చెరగదు. కోరంగికి అట్టి శాసనభాగ్యము లేదు. నేడు కాకినాడ జిల్లా తాళ్లరేవు మండలమున అది ఒక గ్రామము. జాతీయరహదారి మీద కాకినాడనుండి యానామునకు పోవువారు దానిని దాటిపోయినట్లు గమనింపనైనను గమనింపరు. మడ అడవిని చూడవచ్చువారికి మాత్రము 1978లో ఏర్పడిన అభయారణ్యమువలన ఆ పేరు తెలియును. ఈ గ్రామమే కలకత్తాకును సింహళమందలి త్రింకోమలికిని నడుమ పెద్ద ఓడలను ఒడ్డుకు చేర్చి మరమ్మతు చేయదగిన ఏకైక స్థానముగా నుండెనని మోరిస్ దొర తన గోదావరి జిల్లా గ్రంథమున వ్రాసెను. ఇంతటి పట్టణము ఎట్లు పోయెను?

ఈ ప్రశ్నకు వాడుకలో ఒకే సమాధానము కలదు: తుపాను వచ్చెను, ఉప్పెన ముంచెను, ఊరు పోయెను. మేమును మొదట ఆ సమాధానముతోనే తృప్తిపడితిమి. కాని దొరకిన ఆధారములను వరుసగా పేర్చి చూడగా ఈ కథ నిలువదని మాకు తోచినది. ఆ విచారమే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా పేరును గూర్చి కొంత చెప్పవలెను. 'కోరంగి' కళింగ శబ్ద భవమని యూల్, బర్నెల్ పండితులు తమ 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువున ఊహించిరి. ప్లినీ పేర్కొనిన కళింగ అగ్రమును కన్నింగ్‌హాము ఈ ప్రాంతముతోనే సమన్వయించెను. స్థలజ్ఞులు మాత్రము దీనిని 'కురంగ' శబ్దముతో ముడిపెట్టి, మాయలేడి రూపమున వచ్చిన మారీచుడు ఇచట కూలెనని చెప్పుదురు. గోదావరి సప్తశాఖలలో ఆత్రేయ ఈ దిక్కుననే సముద్రమున కలియుననుటచేత సప్తసాగర యాత్రికులకు ఇది పుణ్యస్థలము. ఇది గాక అమరకోశమున సన్నయేలకికి 'కోరంగీ' అను పర్యాయము కలదు. ఓడరేవునకు సుగంధద్రవ్యపు పేరు పొసగునని ఉబలాటపడుట సహజమే గాని, పదసామ్యము ఒక్కటే ఆధారముగా రేవునకు ఏలకుల వ్యాపారమును అంటగట్టుట సాహసమగును. కళింగ వ్యుత్పత్తియందును ధ్వనిమార్పునకు తగిన ఉపపత్తి చూపబడలేదు. మలయా ద్వీపములలో మనవారిని పిలిచిన 'క్లింగ్' అను మాట కళింగ భవమగుట స్పష్టము. కోరంగి విషయమున అట్టి స్పష్టత లేదు. కావున నామవిచారమును ఇంతటితో విడిచెదము.

గోదావరి ముఖద్వారములందు ఓడలు కట్టుట కోరంగితో మొదలైనది కాదు. గోల్కొండ సుల్తానుల కాలమున, అనగా 17వ శతాబ్దిలో, ఆ పనికి నరసాపురము, దాని చెంతనున్న మాధవాయపాలెము పేరుపొందినవి. 1669 మొదలు పదియేండ్లు ఈ సముద్రములందు తిరిగిన థామస్ బౌరీ అచటి కలపను, ఇనుమును, వడ్రంగుల నేర్పును మెచ్చుకొనెను. 18వ శతాబ్దిలో గౌతమీశాఖ పొడవున పరదేశీయుల కోఠీలు ఒకదాని ప్రక్కన ఒకటి వెలసినవి: ఆంగ్లేయులకు ఇంజరము, నీలపల్లి; ఫ్రెంచివారికి యానాము; డచ్చివారికి కాకినాడ యందలి జగన్నాథపురము. వీరందరి ఓడలకును కోరంగి కావలసివచ్చెను. కారణము ప్రకృతిసిద్ధము. మచిలీపట్టణమునగాని విశాఖపట్టణమునగాని ఆనాడు ఓడ బయటి సముద్రముననే లంగరు వేయవలెను. గాలి తిరిగినచో పారిపోవుట తప్ప గతి లేదు. గోదావరి మొన సముద్రములోనికి చొచ్చుకొనిపోవుటచేత కోరంగి అఖాతము నైరృతి ఋతుపవన కాలమున నిశ్చలముగా నుండును. నదీముఖమున గట్టిరాయి లేదు, మెత్తని ఒండ్రుబురద మాత్రమే కలదు. అడుగు తాకినను ఓడ పగులదు. పోటుసమయమున లోనికి లాగి, ఒడ్డున ఒరిగించి, అడుగుపలకలు మార్చుకొనవచ్చును.

రెండవ కారణము కలప. ఈ అంశమును చరిత్రకారులు తగినంతగా పట్టించుకొనలేదని మా అభిప్రాయము. 1781 మొదలు సామర్లకోటలో వైద్యుడుగా నుండి వృక్షశాస్త్రమున ప్రసిద్ధుడైన రాక్స్‌బరో తన కోరమండల తీర వృక్షముల గ్రంథమున టేకును చిత్రపటముతో వర్ణించెను. గోదావరికి ఇరువైపుల కొండలలో ఆ చెట్టు పెరుగుననియు, తీరమున దాని కలపకు ఓడల నిర్మాణమున గల విలువ గొప్పదనియు అతడు ఎరుగును. భద్రాచలము, రేకపల్లె అడవులలో నరకిన మ్రాకులు వరదనీట తెప్పలుగా రాజమహేంద్రవరమునకు దిగుచుండెను. బరువైన మాను నీట మునుగును గనుక దానికి వెదురుకట్టలు కట్టి తేల్చెడివారు. నది అడవినుండి కొయ్యను తెచ్చి ఓడలు కట్టు చోటనే దించుచుండెను. ఇట్టి అనుకూలత తీరమున మరియొక రేవునకు అరుదు. అనగా కోరంగి సముద్రమునకెంత బిడ్డయో అడవికిని అంతే బిడ్డ.

తరువాత టేకు రెండవ దారిని కూడ వచ్చెను. మొదటి బర్మాయుద్ధము 1826లో యాండబూ సంధితో ముగియగా తెనసరీము ఆంగ్లేయుల వశమై, మౌల్మేను రేవు కలప వర్తకమునకు కేంద్రమయ్యెను. బర్మాలో టేకుచెట్టు మొదలుచుట్టును బెరడు కోసి, రెండు మూడేండ్లు నిలువుననే ఎండనిచ్చి, పిదప నరకుదురు. అట్లు ఎండిన మాను ఆధారము లేకయే తేలును. తీరాంధ్రమున రంగూనునకు 'రంగము' అని పేరు. ఇండ్ల ద్వారబంధములకు ఆ కలపను వాడుట గోదావరి జిల్లాలలో గొప్పగా నుండెడిది. కోరంగి ఓడలు బియ్యము, గుడ్డలు, ఉప్పు మోసికొనిపోయెడివి. తిరుగుప్రయాణమున కలప మోసికొనివచ్చెడివి.

19వ శతాబ్ది తొలి సంవత్సరములలో రోబక్ అను కంపెనీ ఉద్యోగి బహువ్యయముతో ఇచట ఓడలు నిలుపు గొయ్యి ఒకటి కట్టించెను. తూర్పుతీరమున కాపలా తిరుగు రాజనౌకలను అందు మరమ్మతు చేయవలెనని ఉద్దేశము. అంతకంటె విలువైన సాక్ష్యము ఫ్రెంచివారిది. 1830లో లాప్లాసు నాయకత్వమున భూప్రదక్షిణము చేయుచుండిన 'లా ఫావొరీట్' అను యుద్ధనౌక ఈ తీరమున నేల తాకి దెబ్బతిని, కోరంగికి చేరి బాగుపడెను. ఆ యాత్రకు సంబంధించిన చిత్రసంపుటమున కోరంగి దృశ్యములు అచ్చుపడినవి. అదే ఓడలో నున్న పారిస్ అను యువ నావికాధికారి ఇచటి దోనెలను కొలతలతో గీసికొని, 1840ల తొలినాళ్లలో ప్రకటించిన ఐరోపేతర ప్రజల నౌకానిర్మాణ గ్రంథమున వానికి చోటిచ్చెను. తరువాత నౌకాసేనాధిపతియై పారిస్ నగరపు నౌకా ప్రదర్శనశాలకు పాలకుడైన విద్వాంసుడతడు. అతని చేతిలో పడుట మన దోనెలకు అదృష్టమే. మన పండితులలో ఒక్కరైనను ఆ కాలమున ఓడ అంగములకు తెలుగు పేర్లు వ్రాసి ఉంచి యుండినచో ఎంత మేలు జరిగి యుండెడిది! కావ్యములలో ఓడ వర్ణనలు కలవు, కాని పలకను పలకకు కుట్టు త్రాటికి ఏమి పేరో అవి చెప్పవు.

ఇక ఉప్పెనల సంగతి. వాడుకలో నున్న కథ ఇది: 1789 డిసెంబరున మూడు మహాతరంగములు వరుసగా వచ్చి 20,000 మందిని పొట్టనబెట్టుకొనెను; 1839 నవంబరున మరల ఉప్పెన వచ్చి 20,000 ఓడలను, 3,00,000 మందిని మ్రింగెను; ఆ దెబ్బతో కోరంగి శాశ్వతముగా పాడయ్యెను. ప్రపంచమున ఘోర తుపానుల పట్టికలన్నిటను ఈ సంఖ్యలు కనబడుచుండును. ఒకరిని చూచి ఒకరు ఎత్తివ్రాయుటచేత అవి సిద్ధాంతములైనవి.

మొదట 1789ని చూతము. కోరంగిని ముంచిన ఉప్పెనకు సమకాలిక సాక్ష్యము 1787 మే నెలకు, అనగా ప్లవంగ సంవత్సరమునకు, స్పష్టముగా కలదు. ఇంజరము ప్రాంతమున నుండిన కంపెనీవారి లేఖను అలెగ్జాండర్ డాల్రింపిల్ తన 'ఓరియంటల్ రిపర్టరీ' సంపుటమున కొద్ది సంవత్సరములకే ప్రకటించెను. 1911 నాటి బ్రిటానికా విజ్ఞానసర్వస్వము కోరంగిని గూర్చి వ్రాయుచు 1787లో ఈశాన్యపు గాలివలన ఊరిలో అధికభాగము జనులతో కొట్టుకొనిపోయెననియు, 1832లో మరియొక తుపాను ఓడలను పొలములలోనికి ఈడ్చి వదలెననియు చెప్పినది. 1789 మాట ఎత్తలేదు, 1839 మాటయు ఎత్తలేదు. 1789 కథకు వ్యాప్తి కలిగించినవాడు హెన్రీ పిడింగ్టన్. తుపానునకు 'సైక్లోన్' అను పేరు పెట్టిన పండితుడే ఇతడు. అతని 'సెయిలర్స్ హార్న్-బుక్' 1848లో వెలువడినది. అనగా సంఘటనకు దాదాపు అరువదియేండ్ల తరువాతి మాట. రెండేండ్ల వ్యవధిలో ఒకే ఊరు రెండుమారులు సర్వనాశనమగుట అసంభవమని మేము అనము. కాని 1787లో అధికభాగము పోయిన ఊరికి 1789లో 20,000 మంది ఎచటినుండి వచ్చిరి? ఒకే ఉప్పెన జ్ఞాపకము రెండు తేదీల క్రింద చేరెనని భావించుట ఉచితమని మాకు తోచుచున్నది.

1839 విషయము ఇంతకంటె సుస్పష్టము. ఆ నవంబరున, వికారి సంవత్సరమున, ప్రచండమైన తుపాను వచ్చిన మాట నిజము. పిడింగ్టన్ మరుసటి యేటనే దానిని బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రత్యేకముగా పరిశీలించెను. సందేహము సంఖ్యను గూర్చియే. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7,38,000, 1841లో సుమారు 5,61,000 అని కాటన్ దొర కాలపు పత్రములలో చెప్పబడినది. ఆనాటి లెక్కలు ఎంత లోపభూయిష్టములైనను స్థూలముగా పనికివచ్చును. ఇరువదియేండ్లలో తగ్గినది రెండు లక్షలకు లోపు. ఆ నడుమనే 1832-33లో నందన కరువు వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టెను, వలసలు జరిగెను. ఆ తగ్గుదలకు అనావృష్టియు కరువును ముఖ్యకారణములని కాటన్ వాదించి, ఆ వాదబలముతోనే ఆనకట్టకు అనుమతి సంపాదించెను. అట్టిచో ఒక్క రాత్రిలో ఒక్క రేవున 3,00,000 మంది చనిపోవుట ఎట్లు? జిల్లా జనులలో సగముమంది కోరంగి ఒడ్డున నిలిచి యుండవలెను. 20,000 ఓడల మాటయు అంతే. చేపలు పట్టు తెప్పలతో సహా లెక్కించినను ఆ సంఖ్య రాదు.

ఈ వాదమువలన ఉప్పెనల దుఃఖమును తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. ఎవరి ఇల్లు మునిగెనో వారికి సంఖ్యతో పని లేదు. 1996 నవంబరు 6న ఇదే తీరమును తాకిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. కాని ఉప్పెనయే ఊరిని అంతమొందించెనని చెప్పినచో, ఉప్పెన తరువాత మిగిలినవారు ఏమి చేసిరి అను ప్రశ్న అడుగబడదు. 1787లో మునిగిన ఊరిలోనే కొద్ది సంవత్సరములకు ఓడలగొయ్యి కట్టబడెను. ఆ ఊరిలోనే 1830లో ఫ్రెంచి యుద్ధనౌక బాగుపడెను. అనగా కోరంగి మునిగిన ప్రతిసారియు మరల లేచెను. 1839 తరువాత పూర్వవైభవముతో లేవకపోవుటకు గాలి గాక వేరు కారణము వెదుకవలెను.

మొదటిది ఒండ్రు. ఏ గోదావరి కలపను తెచ్చెనో ఆ గోదావరియే మట్టిని కూడ తెచ్చెను. నదీముఖము ఏటేట మేటవేసి, బయట ఇసుకదిన్నె ఉత్తరముగా పెరుగుచు వచ్చెను. నేడు హోప్ ద్వీపమని పిలుచు పొడవైన దిబ్బ గడచిన రెండు శతాబ్దులలో ఏర్పడినదే. దాని చాటున కాకినాడకు నిలువనీరు దక్కెను. కోరంగికి మాత్రము బురదయే దక్కెను. పెద్ద ఓడలు లోనికి రాజాలని స్థితి ఏర్పడెను. రెండవది కాలువలు. 1847లో ప్రారంభమైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తికాగా, డెల్టా పంటయంతయు కాలువల మీదుగా సామర్లకోట, కాకినాడలకు చేరసాగెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన కాలమున ప్రత్తి ఎగుమతి కాకినాడకు కలిసివచ్చెను. సరకు ఏ దారిని పోవునో సాహుకారు ఆ దారిని పోవును. కోరంగి వర్తకులు కాకినాడలో కొట్లు తెరచిరి.

మూడవది ఆవిరియు ఇనుమును. ఇది అన్నిటికంటె నిశ్శబ్దముగా వచ్చిన ఉప్పెన. ఆవిరి ఓడకు గాలివాలుతో పని లేదు, కనుక ఋతువు మారువరకు నదిలో దాగుకొనవలసిన అవసరము లేదు. ఇనుప ఓడకు టేకుపలకతో పని లేదు, కనుక కోరంగి వడ్రంగితో పని లేదు. 1815 నాటి ఆంగ్ల శాసనము ఈ దేశపు కళాసీలను బ్రిటిషు నావికులుగా లెక్కింపరాదని నిర్ణయించి, ఈ దేశపు ఓడలకు ఇంగ్లండు దారిని అంతకుముందే ఇరుకు చేసియుండెను. 1869లో సూయజు కాలువ తెరవగా మిగిలిన తెరచాప వర్తకమును సన్నగిల్లెను. 1901 జనగణనలో కోరంగి జనసంఖ్య 4,258. ఊరు పోలేదు. ఊరి పనిమాత్రము పోయెను. బ్రిటానికా రచయిత 'సమీపమున తాళ్లరేవులో చిన్న ఓడల నిర్మాణము, మరమ్మతు సాగుచున్నది' అను అర్థమున వ్రాసిన వాక్యము ఆ మిగిలిన పనికి గుర్తు.

పని పోయిన జనులు ఏమైరి? ఈ ప్రశ్నయే మా దృష్టిలో ముఖ్యమైనది. 1828లోనే యానామునుండి తెలుగు కూలీలు రియూనియను ద్వీపమునకు పోయిరి. ఆ తరువాత మారిషసునకు పోయినవారికి అచట రేవు పేరే జాతిపేరుగా నిలిచి, తెలుగువారు 'కొరంగీలు' అనబడిరి. బర్మాలో ఈ పేరు మరింత గట్టిగా అంటుకొనెను. 1852లో రంగూను ఆంగ్లేయుల చేతికి చిక్కిన పిదప అచటి బియ్యపు మిల్లులకు, రేవులకు, రంపపు మిల్లులకు కూలీలు కావలసివచ్చిరి. బ్రిటిషు ఇండియా నావికా సంఘమువారి ఆవిరి ఓడలు కాకినాడనుండియు, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణములనుండియు వేలమందిని మోసికొనిపోయెను. వారు శ్రీకాకుళమువారైనను, విశాఖవారైనను బర్మావారికి కోరంగీలే. ఓడలు కట్టినవాని ఊరిపేరు బరువులు మోయువానికి బిరుదయ్యెను. అందులో గౌరవము లేదు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె చేయగా వారి స్థానమున బర్మావారిని పెట్టిరి. సమ్మె ముగియగానే బర్మావారిని తొలగించిరి. 26వ తేదీన చెలరేగిన కలహములో శతాధికులు మరణించిరి, వారిలో అత్యధికులు మనవారే. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపానువారి బాంబులు పడిన పిదప కాలినడకన అరకాను కొండలు దాటినవారిలోను, 1960లలో ఓడలలో తిరిగివచ్చినవారిలోను ఈ పేరు మోసినవారి సంతానము కలదు. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేటలో వారు స్థిరపడిరి. వారిలో అనేకులు కోరంగిని కన్నులార చూచి యుండరు.

కోరంగిని చూడబోయినప్పుడు మాకు నదియొడ్డున పడవకు కీలు పూయుచున్న వృద్ధుడైన వడ్రంగి ఒకడు కనబడెను. ఓడలగొయ్యి ఎచటనుండెనని అడిగితిమి. "అవన్నీ మా తాతలనాటి మాటలండి బాబూ. గొయ్యి ఎక్కడో మాకు తెలవదు. ఇక్కడ ఏ గొయ్యి తవ్వినా రెండు వరదలకి పూడిపోద్దండి ఆయ్" అనెను. ఉప్పెనను గూర్చి అడుగగా నవ్వి, "ఉప్పెనొస్తే పడవ పోద్దండి. పడవ పోతే ఇంకోటి కట్టమని వస్తారు గదండీ. ఇప్పుడు కట్టమని వచ్చేవాళ్లే లేరు" అనెను. మేము పుటలకొలది చేసిన వాదమును అతడు మూడు వాక్యములలో ముగించెను.

చేయవలసిన పని ఇంకను కలదు. పారిస్ గీసిన దోనెల పటములను తాళ్లరేవు వడ్రంగులకు చూపి, ఒక్కొక్క అంగమునకు వారి నోట వచ్చు పేరును వ్రాసికొనవలెను. కొయ్యపడవ స్థానమును గాజునార పడవ ఆక్రమించుచున్న ఈ కాలమున ఆ పేర్లు తెలిసినవారు వృద్ధులు మాత్రమే. వారిలో ఒకని నోట ఒక్క ఉదయమున పదునేడు మాటలు మేము సేకరించితిమి. వానిలో పెక్కులు మన నిఘంటువులలో కానరావు. వానిని అర్థములతోను, పటములతోను వేరుగా ప్రకటింపగలము.